పద్నాలుగో కాలమ్ మొసళ్ళు

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో వెంకటనారాయణ ఏనాడూ సొంతంగా ఒక అబద్ధం రాయలేదు. ఆయన రాసినవన్నీ అంతకుముందు ఇంకెవరో రాసినవే.

ఆయన నీటిపారుదల శాఖలో డీఈ. ఇల్లు ఖమ్మం చివర ఖానాపురం హవేలిలో. ఆయన చూసుకోవాల్సిన ఆనకట్ట టేకులపల్లి అవతల, అడవి అంచున, ఎర్రబొంద వాగు మీద. ఇంటికీ వాగుకీ మధ్య అరవై కిలోమీటర్లు. ఆ అరవై కిలోమీటర్లనీ ఆయన ఫోన్‌తో పూడ్చేశాడు. ఆనకట్ట గేటు తిప్పే లష్కర్ భద్రు రోజూ పొద్దున్నే వాగు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాడు. వెంకటనారాయణ ఇడ్లీ తింటూ ఆ ఫొటోని రెండు వేళ్ళతో సాగదీసి చూసి, టూర్ డైరీలో "స్థలమును స్వయముగా తనిఖీ చేసితిని" అని రాసుకునేవాడు. అందులో తప్పేం లేదని ఆయన నమ్మకం. గట్టు మీద నిలబడ్డవాడికి గేటు తుప్పు అంత దగ్గరగా కనబడుతుందా?

ఈ ఏడాది ఆయనకి ఒక్కటే కోరిక. ఆగస్టులో ప్రమోషన్ జాబితా వస్తుంది. అప్పటిదాకా ఒక్క మెమో కూడా రాకుండా ఉంటే ఈఈ అయిపోతాడు. రెండేళ్ళలో రిటైర్మెంట్. డీఈగా రిటైరైతే కాలనీలో సంక్షేమ సంఘం కార్యదర్శిగా కూడా ఎవరూ నిలబెట్టరు.

ఆయన భార్య నిర్మలాదేవి ఆగస్టు దాకా ఆగలేకపోయింది. గ్రానైట్ షాపులో ఉగాది ఆఫర్ ఉందని "వెంకటనారాయణ, ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్" అని నల్లరాతి మీద బంగారు అక్షరాలతో పలక చెక్కించేసింది. ఎవరైనా చూస్తే బాగుండదని దాన్ని వాషింగ్ మెషీన్ వెనక గోడకి తిప్పి పెట్టింది. ఆ సంగతి కాలనీలో పదిహేను ఇళ్ళకి రహస్యంగా చెప్పింది.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. మధ్యలో మొసళ్ళు వచ్చాయి.

వాగు ఆనకట్టకి ఒకటే గేటు. దాని ఇనుప షట్టర్ అడుగున తుప్పుపట్టి జల్లెడైంది. వానాకాలంలో ఎంత నీరొచ్చినా దసరాకల్లా కారిపోయేది. కింద ఉన్న తండాలో రెండొందల ఎకరాల నాట్లు దేవుడి మీద భారం. ఎట్టకేలకు కొత్త షట్టర్ మంజూరైంది. వానలు పడేలోగా బిగించాలి. లేకపోతే మంజూరు రద్దు, దాని వెనకే మెమో. కాకపోతే వాగుకి ఒక గట్టు అడవిది కనుక అటవీ శాఖ అనుమతి కావాలి. దానికో ఫారం ఉంది. ఫారంలో ముప్పై ఒక్క కాలమ్స్ ఉన్నాయి.

మార్చిలో ఒక ఆదివారం, "అన్నం చల్లారిపోతోందండీ" అని వంటింట్లోంచి రెండో కేక వినబడ్డాక, వెంకటనారాయణ ఆ ఫారం నింపాడు. నింపడమంటే, తన బ్యాచ్‌మేట్ వెంకటేశ్వరరావు పక్క జిల్లాలో ఒక పెద్ద రిజర్వాయర్ కోసం పంపిన ఫారం తెప్పించుకుని, వాగు పేరు, ఊరి పేరు, మండలం పేరు మార్చాడు. పద్నాలుగో కాలమ్ దాకా వచ్చేసరికి మూడో కేక వినబడింది. ఏట్లో పారేసినా ఎంచి పారేయమన్నారు పెద్దలు. ఆయన ఎంచలేదు, పంపేశాడు.

పద్నాలుగో కాలమ్: పనిచేయు స్థలమునందు గల సంరక్షిత వన్యప్రాణులు. జవాబు: మొసళ్ళు, రెండు. గూడు, ఒకటి. గుడ్లు, ఇరవై రెండు. ఆధారం: స్వయముగా చూచితిని.

మూడు వారాల తర్వాత భద్రు ఫోన్ చేశాడు.

"సార్, మన వాగుల మొసల్లు ఉన్నయా సార్?"

"ఎవడ్రా చెప్పింది?"

"మీరే చెప్పిండ్రంట గద సార్. ఫారెస్టోల్లు వచ్చి బోర్డు పాతిండ్రు. అర్ధ కిలోమీటర్ దాకా మిషన్లు బంద్, బండ్లు బంద్. బోర్డు మీద కింద మీ పేరుంది సార్. మంచిగ రాసిండ్రు, దూరంకెల్లి గూడ కనబడ్తది."

వెంకటనారాయణ చేతిలో ఇడ్లీ చట్నీలో పడింది. మొసలి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి. ఆ షెడ్యూల్‌లో పేరెక్కిన ప్రాణికి ఉన్న భద్రత రాష్ట్రంలో ఏ డీఈకీ లేదు. దాని గూటి దగ్గర జేసీబీ పెడితే జైలు. గూడు లేదని చెబితే, మరి స్వయంగా చూసిందేమిటని మెమో. గూడు ఉందని ఊరుకుంటే షట్టర్ పడదు, అప్పుడూ మెమోయే.

ఆ సాయంత్రమే రేంజ్ ఆఫీసర్ రాజ్యశ్రీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా వచ్చిన అమ్మాయి. ఉద్యోగం ఇంకా పాతబడలేదు కనుక నిజంగానే అడవిలో తిరుగుతుంది.

"సార్, నమస్తే. ఆ వాగులో మొసలి గూడు అంటే మాకు చాలా పెద్ద విషయం. యాభై ఏళ్ళ రికార్డులో లేదు. గురువారం జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెట్టినం. మీరొచ్చి ఆ గూడు జాగా చూపించాలె."

"నేనెందుకండీ, మా భద్రు..."

"భద్రు చూడలేదంట సార్. మా బీట్ ఆఫీసర్ చూడలేదు. తండావాళ్ళు చూడలేదు. చూసింది మీరొక్కరే."

గురువారం కారు యెల్లందు దాటేదాకా వెంకటనారాయణ ఫోన్‌లో మొసళ్ళ గురించి చదివాడు. ఇంజనీరింగ్ పరీక్షకి కూడా అంత చదవలేదు. మొసలి పిల్లల్ని నోట్లో పెట్టుకుని వేరే చోటికి తీసుకెళ్తుందన్న వాక్యం దగ్గర ఆయన ముఖం వెలిగింది. గుడ్లు పిల్లలయ్యాయి, తల్లి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరిదీ తప్పు లేదు. ఈ మాటని ఆయన అద్దంలో చూసుకుంటూ నాలుగుసార్లు అప్పజెప్పుకున్నాడు.

వాగు దగ్గరికి చేరాక ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. ఇసుక మీద అడుగులున్నాయి. నీళ్ళలోంచి గట్టుదాకా వరసగా నాలుగేసి గుంటలు, మధ్యలో తోక ఈడ్చిన చార. అంటే మొసలి ఉంది! వెంకటనారాయణ వెనక్కి నాలుగడుగులు వేసి కారు తలుపు పట్టుకున్నాడు.

రాజ్యశ్రీ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని టేపు తీసింది. చాలాసేపు కొలిచింది. ఆ పక్కన భద్రు, అతని అక్క రూప్లి చేతులు కట్టుకుని, పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తరఫువాళ్ళలా నిలబడ్డారు.

"సార్," అంది రాజ్యశ్రీ తలెత్తకుండా, "మొసలికి ముందుకాళ్ళకు ఐదేసి వేళ్ళు, వెనక కాళ్ళకు నాలుగేసి ఉంటయ్. దీనికి అన్ని కాళ్ళకు మూడేసి ఉన్నయ్. మీరు చూసినప్పుడు ఎన్నున్నయ్?"

"నేను... కొంచెం దూరం నుంచి చూశానండి."

"ఎంత దూరం?"

అరవై కిలోమీటర్లని చెప్పలేక, "ఎక్కువే," అన్నాడు వెంకటనారాయణ.

"తోక చారలో బైకు టైరు గీతలు పడ్డయ్. అది గూడ బాగ అరిగిన టైరు," అంది రాజ్యశ్రీ. భద్రు చూపులు ఆకాశంలో ఏదో పిట్టని వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి. గడ్డి ఎత్తే మూడు మొనల కర్ర ఒకటి పొద వెనక నుంచి సగం కనబడుతోంది.

రాజ్యశ్రీ ఫొటోలు తీసుకోడానికి అటు వెళ్ళగానే రూప్లి వెంకటనారాయణని పక్కకి పిలిచింది. అరవై ఏళ్ళ మనిషి. తండాలో ఆమె పొలమే గేటుకి మొదటిది, కనుక మాట కూడా ఆమెదే మొదటిది.

"గిట్ల రా సారూ. ఇది జూడు." వాగు మధ్య ఇసుకలో చేత్తో తీసిన గుంట. మోకాలు లోతు కూడా లేదు. అడుగున తేట నీళ్ళు.

"చెలిమే కదా," అన్నాడు వెంకటనారాయణ.

"పోయినేడు ఇదే జాగల రెండు నిలువుల లోతు తీస్తే బురద గూడ రాలే. ఇసుక మొత్తం ట్రాక్టర్లల్ల పోయింది. మేం ఆపీసుల చుట్టు తిరిగి చెప్పినం, దండం బెట్టి చెప్పినం. ఒక్క ట్రాక్టర్ ఆగలే. నువ్వు ఇంట్ల కూసోని ఒక్క మొసలి రాసినవ్, నలభై ట్రాక్టర్లు బంద్! నీ చెయ్యి శానా మంచిది సారూ."

"అమ్మా, ఆ మొసలి లేదు. పొరపాటున..."

"ఆ ముచ్చట మాకు దెల్వదా? మా తాత నాటిసంది ఈ వాగుల బల్లి గూడ లేదు. లేదనే గద మేం జేసినం." ఆమె అడుగుల వైపు గర్వంగా చూసింది. "వేళ్ళ లెక్క తప్పింది, గంతే. భద్రుగానికి చెప్పిన, ఫోన్ల సూసి చెయ్‌రా అని. వినలే."

"మరి షట్టర్ ఎలా? మిషన్లు రానివ్వకపోతే నేనెలా బిగించేది? నీ నాట్లకే కదా నీళ్ళు?"

"మిషన్లు ఎందుకు? ఆ గేటు మా తాతలు బిగించిండ్రు. అప్పుడు జేసీబీ ఎవ్వని తాత తెచ్చిండు?"

రాజ్యశ్రీ తిరిగొచ్చింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. నవ్వు లేకుండా ఉండడానికి చాలా కష్టపడుతోందని మాత్రం తెలుస్తోంది.

"సార్, మొసలి ఉందని నేను రాయలేను. మీరు రాసింది అబద్ధమని రాస్తే మీకు మెమో, మాకు మళ్ళా ట్రాక్టర్లు. అందుకని 'నిఘాలో ఉన్నది' అని రాస్తున్న. ఇక్కడ నీరు నిలిస్తే రేపు మొసలే కాదు, ఏది రావాలనుకున్నా వస్తది. పని చేసుకోండి. మనుషులతోనే, పగటిపూటే, చప్పుడు లేకుండా. గేటు మూసినంక కూడా దాని పక్కనున్న చిన్న తూములో జానెడు సందు ఎప్పుడూ తెరిచే ఉండాలె. కింద వాగు ఎండొద్దు. అది మొసలి వాటా."

"లేని మొసలికి వాటానా అండీ?"

"లేదని మీరు రాసిస్తరా సార్?"

వెంకటనారాయణ జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇంకొకటి. నిఘా అధికారి మీరే. పదిహేను రోజులకోసారి స్వయంగా రావాలె. ఫొటోలో మీరుండాలె, వెనక వాగు ఉండాలె, చేతిలో ఆ రోజు పేపర్ ఉండాలె." అపహరణకి గురైన వాళ్ళ ఫొటోలు అలాగే తీస్తారని వెంకటనారాయణకి గుర్తొచ్చింది. అయినా సంతకం పెట్టాడు.

మే నెలలో కొత్త షట్టర్ ఎడ్లబండి మీద వచ్చింది. తండా మొత్తం ఇసుక బస్తాలు మోసి నీటికి అడ్డుకట్ట వేసింది. చెయిన్ పుల్లీతో ఇంచి ఇంచి దింపారు. ఎవరైనా గట్టిగా అరిస్తే రూప్లి "మెల్లగ! మొసలి గుడ్ల మీదున్నది" అని గదమాయించేది. అంతా పడీపడీ నవ్వి, నిజంగానే మెల్లగా మాట్లాడేవారు. జేసీబీతో నాలుగు రోజులని అంచనాలో రాసిన పని తొమ్మిది రోజులు పట్టింది.

ఇక మొసలి వాటా విషయం. ఆ జానెడు నీటి కోసం ఈ తండాకీ, దాని దిగువనున్న గూడేనికీ పాతికేళ్ళుగా కొట్లాట. పంచాయితీలైనాయి, కేసులైనాయి, తలకాయలు పగిలాయి. ఇప్పుడు ఎవరూ నోరెత్తలేదు. మనిషి నీళ్ళు మనిషి మళ్ళించుకోవచ్చు గానీ, మొదటి షెడ్యూల్ వాడితో ఎవరు పెట్టుకుంటారు?

ఇంట్లో మాత్రం పరిస్థితి బాగోలేదు. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు రోజూలాగే నిండి వీధిలోకి కారుతుంటే, నిర్మలాదేవి మోటారు ఆపకుండా ఆయన్ని నిలదీసింది.

"ఇరవై తొమ్మిదేళ్ళు టూరని రాసి ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు నిజంగా వెళ్తున్నారు. ఏంటి సంగతి?"

"మొసలిని చూడ్డానికే."

"పేరేంటి?"

"మొసలికి పేరేంటే?"

"రాజ్యశ్రీ అని ఫోన్ వస్తోంది కదా, ఆవిడెవరు మరి?"

"ఆవిడ మొసలి తరఫు," అన్నాడు వెంకటనారాయణ. ఆ జవాబు తర్వాత రెండు రోజులు ఇంట్లో ఉప్మాయే.

జూలైలో వానలు దంచికొట్టాయి. ఎర్రబొంద వాగు ఆనకట్ట అంచుదాకా నిండింది. కొత్త షట్టర్ చుక్క కారలేదు. తండాలో నాట్లు మొదలయ్యాయి. వెంకటనారాయణ పేపరు, ఫ్లాస్కు, నిర్మలాదేవి కట్టిచ్చిన పులిహోర తీసుకుని గట్టు మీద కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకి ఈమధ్య ఇలా రావడం అలవాటైపోయింది. నీటిపారుదల శాఖలో నీటిని చూడడం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఎదురుగా నీళ్ళలో ఒక దుంగ కొట్టుకొచ్చింది. ప్రవాహం కిందికి పోతుంటే దుంగ పైకి వస్తోంది. ఆయన పులిహోర ముద్ద నోటి దగ్గరే ఆగింది. దుంగకి రెండు కళ్ళున్నాయి.

ఐదు నిమిషాల తర్వాత, కారు తలుపులన్నీ వేసుకుని, రాజ్యశ్రీకి ఫోన్ చేశాడు.

"మేడమ్! మొసలండీ! మొసలి!"

"అవ్ సార్, తెలుసు కదా. రిపోర్టులో రాసుకోండి."

"అది కాదండీ, నిజం మొసలి! కళ్ళతో చూశాను!"

"మార్చిలో కూడా అట్లనే రాసిండ్రు కదా సార్," అంది. తర్వాత ఆమె గొంతు మారింది. "సార్... వేళ్ళెన్ని?"

"ఒడ్డుకొచ్చి పడుకుంది. ముందుకాళ్ళకి ఐదు. నేను లెక్కపెట్టాను. అద్దం దించలేదు గానీ లెక్కపెట్టాను."

గంటలో ఆమె వచ్చింది. వరదకి ఏ పెద్ద నీటిలోంచో ఎదురెక్కి వచ్చినట్టుంది. ఆరడుగుల మొసలి, నిండిన మడుగు చూసి కిరాయి ఇల్లు నచ్చినవాడిలా తాపీగా పడుకుంది. భద్రు పరిగెత్తుకొచ్చి చూసి, "సార్, మీరు రాసిన్రంటే రాసిన్రే!" అని చేతులు జోడించాడు.

ఆ రాత్రి వెంకటనారాయణ ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒక నివేదిక తన మాటల్లో రాశాడు. పని పూర్తయిన ఫారంలో కూడా పద్నాలుగో కాలమ్ ఉంది. పాతదే కాపీ చేస్తే సరిపోయేది. కానీ చూసింది ఒకటి. "రెండు" కొట్టేసి "ఒకటి" అని రాశాడు. గూడు కొట్టేశాడు. గుడ్లు కొట్టేశాడు. "స్వయముగా చూచితిని" అన్నది ఒక్కటే ఉంచాడు. ఆ ముక్క మీద ఆయనకి ఎంత ముచ్చటేసిందంటే, దాని కింద గీత కూడా గీశాడు.

ఆగస్టు మొదటి వారంలో మెమో వచ్చింది.

"మార్చి నివేదికలో మొసళ్ళు రెండు. జూలై నివేదికలో ఒకటి. తమరి నిఘాలో మొదటి షెడ్యూల్‌కు చెందిన ఒక జీవి తగ్గుటకు గల కారణములు తెలుపవలెను. ఇరవై రెండు గుడ్ల వివరములు జతపరచలేదు. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వనియెడల తగు చర్య తీసుకొనబడును. అంతవరకు ప్రమోషన్ జాబితాలో తమరి పేరు నిలిపివేయడమైనది."

నిర్మలాదేవి మెమో రెండుసార్లు చదివి, "రెండని ఉన్నదాన్ని మిమ్మల్నెవరు దిద్దమన్నారండీ?" అని అడిగింది. ఆ ప్రశ్న మెమోలో కూడా ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన వాగు గట్టు మీదున్నాడు. మొసలి అవతలి ఒడ్డున ఎండ కాచుకుంటోంది. జానెడు సందులోంచి దాని వాటా నీళ్ళు కిందికి పారుతున్నాయి. భద్రు మెమో విని తేలిగ్గా తీసిపారేశాడు.

"గిదేంది సార్, రెండోది గూడ ఉన్నదని రాయుండ్రి. ఎవడొచ్చి లెక్కవెడ్తడు? కావల్నంటే అడుగులు నేనేస్త. ఈసారి ఐదు వేళ్ళే."

"చూడకుండా ఎలా రాస్తానురా?" అన్నాడు వెంకటనారాయణ.

నాటు వేస్తున్న ఆడవాళ్ళు ఆ మాట విని నడుములెత్తి ఒకటే నవ్వు. ఆయనకి కూడా తన నోటినుంచి ఏం వచ్చిందో అప్పుడే వినబడింది. కానీ వచ్చేసింది. చేసేదేం లేక ఫ్లాస్కు మూత తీసి, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

రూప్లి నారుకట్ట చేత్తో పట్టుకునే గట్టెక్కి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"గడువు ఎన్నొద్దులు సారూ?"

"ఇంకా రెండు రోజులున్నాయి."

"అయితే ఫికర్ జెయ్యకు," అంది రూప్లి. "ముందుగాల రాసినవ్, మెల్లగ ఒకటొచ్చింది. రెండోదానికి కాయితం అందిందో లేదో."